రహస్యం ఎక్కడ ఎక్కువ కాలం దాగుతుంది: కాటిన్, వాటర్‌గేట్

"సర్కారు తలుచుకుంటే ఏదైనా దాచేస్తుంది" అనే మాట నాంపల్లి ఇరానీ హోటళ్లలో తరచూ వినిపిస్తుంది. నేను ఒప్పుకోను. ఎక్కడి సర్కారు అన్నది ముఖ్యం.

1940లో సోవియట్ రహస్య పోలీసులు కాటిన్ అడవిలో, మరికొన్ని చోట్ల దాదాపు 22,000 మంది పోలండ్ వాళ్లను కాల్చి చంపారు. నేరం నాజీల మీదకు నెట్టారు. 1943లోనే సమాధులు బయటపడినా, మాస్కో ఒప్పుకున్నది 1990లో. గట్టిగా నిలదీసే పత్రిక గానీ, కోర్టు గానీ అక్కడ లేవు.

ఇక అమెరికాలో, వాటర్‌గేట్ భవనంలోని ప్రతిపక్ష డెమోక్రటిక్ పార్టీ ఆఫీసులోకి దొంగచాటుగా చొరబడినవాళ్లు 1972 జూన్‌లో దొరికారు. దాన్ని కప్పిపుచ్చబోయిన అధ్యక్షుడు నిక్సన్ 1974 ఆగస్టుకల్లా రాజీనామా చేశారు. విలేకరులు, సెనేట్ కమిటీ, సుప్రీంకోర్టు తలో వైపు నుంచి తీగ లాగారు. జైలు భయంతో లోపలివాళ్లే నోరు విప్పారు.

మన సెక్రటేరియట్ ఫైలునే చూడండి. సెక్షన్‌లో మొదలై పైదాకా వెళ్లేసరికి ప్రతి టేబుల్ దగ్గరా ఒక నోట్, కింద సంతకం, తేదీ. ఇంతమంది నోళ్లు ఎవరు మూయించగలరు? పైగా 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజు కట్టి ఆ నోట్లు అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ చట్టంలోనే సెక్షన్ 8 కింద ఉన్న మినహాయింపులు చూపించి తప్పించుకునేవాళ్లు ఉంటారు, నిజమే. అప్పుడు పై అధికారికి అప్పీలు, ఆ తర్వాత సమాచార కమిషన్. అక్కడా కాకపోతే హైకోర్టు.