స్విఫ్ట్‌కి 16 అంగుళాల అలాయ్ చక్రాలు: ఐదున్నరేళ్ల తర్వాత ఒక రింగు కథ

విశాఖపట్నం శివార్లలో ఆనందపురం దగ్గర అనకాపల్లి వైపు ఆరు వరసల రోడ్డు ఎక్కి స్పీడు 85 దాటితే చాలు, స్టీరింగ్ వణకడం మొదలయ్యేది. 95 దాకా చేతులు జిల్లుమనేలా వణికి, ఆ పైన కాస్త సద్దుమణిగేది. మూడు వారాలు నిద్ర పట్టలేదంటే నమ్మండి. చక్రాలు మార్చి తప్పు చేశానా అని అనుకోని రోజు లేదు. చివరికి తేలిందేమిటంటే, గాజంత సైజున్న ఒక ప్లాస్టిక్ రింగు లేకపోవడం. అలాయ్‌లు (అల్యూమినియం చక్రాలు) కొనేటప్పుడు ఆ రింగు గురించి షాపువాళ్లు ఒక్క ముక్క చెప్పలేదు. ఆ కోపం నాకు ఇంకా తగ్గలేదు, ఇది రాయడానికి సగం కారణం అదే.

నాది 2018 స్విఫ్ట్ వీఎక్స్‌ఐ, పెట్రోలు. కారు గురించి అందరికీ తెలిసిందే, దాంట్లోకి వెళ్లను. 900 కిలోలు కూడా లేని కారు, మలుపులో ఎటు తిప్పితే అటు దూకుతుంది. నాకది స్పోర్ట్స్ కారే. కంపెనీ ఇచ్చినవి 165/80 ఆర్14 టైర్లు (అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, టైరు గోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 అంగుళాలు), ఇనుప రిమ్ములు, పైన ప్లాస్టిక్ కప్పులు. కైలాసగిరి మలుపుల్లో ఆ ఎత్తయిన టైరు గోడ ఒక పక్కకి ఒరిగి, తర్వాత గాని కారు తిరిగేది కాదు. 2020 జనవరిలో మార్చేశాను. 16 అంగుళాల ఫ్లో ఫార్మ్‌డ్ (అంచుని తిప్పుతూ నొక్కి పల్చగా, గట్టిగా చేసిన) అలాయ్‌లు, 195/55 టైర్లు. ఇప్పటికి 46 వేల కిలోమీటర్లు తిరిగాయి.

17 ఎందుకు కాదని చాలామంది అడిగారు. మా బావమరిది తన స్విఫ్ట్‌కి 17 వేయించాడు, 205/45 టైర్లతో. రెండు రోజులు ఆ బండి తీసుకుని తిరిగాను. చూడ్డానికి నిజంగా బాగుంది, ఆ మాట కాదనను. కానీ సెకండ్ గేర్‌లో నా కారు చూపించే హుషారు అందులో లేదు. ఎందుకో తేల్చుకుందామని మా నాన్నగారి స్నేహితుడి బియ్యం కొట్టుకి తీసుకెళ్లి, మూడు రకాల చక్రాల్నీ టైర్లతో సహా కాటా మీద పెట్టాను. పాత 14 ఇనుప చక్రం 13.8 కిలోలు. నా 16 చక్రం 15.6. బావమరిది 17 చక్రం 19.1. నాలుగింటికీ కలిపితే నా చక్రాల కంటే 14 కిలోలు ఎక్కువ. డిక్కీలో అయితే 14 కిలోలు లెక్కే కాదు. చక్రంలో ఉన్న బరువు వేరు. అది ముందుకి పోవాలి, తిరగనూ తిరగాలి. పైగా రిమ్ము పెద్దదయ్యే కొద్దీ బరువు ఇరుసుకి దూరంగా అంచుకి జరుగుతుంది. చిన్న తిరగలికీ పెద్ద తిరగలికీ తిప్పేటప్పుడు చేతికి తెలిసే తేడా అదే. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు కింద ఎగిరిపడేదీ ఆ బరువే. 83 హార్స్‌పవర్ ఇంజనుకి ఇది బాగా తెలుస్తుంది.

సుజుకీ వాళ్లే విదేశాల్లో అమ్మిన ఇదే తరం స్విఫ్ట్ స్పోర్ట్ చూడండి. 1.4 లీటర్ల టర్బో ఇంజను, 140 హార్స్‌పవర్. దానికి రిమ్ము 17 ఇచ్చారు గాని టైరు వెడల్పు 195 దగ్గరే ఆపారు. మాజ్దా ఎంఎక్స్-5 అయితే అచ్చమైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, బరువు ఒక టన్ను అటూ ఇటూ. దాని 1.5 లీటర్ల మోడల్‌కి వేసింది 195/50 ఆర్16. వాళ్లకే 195 చాలినప్పుడు నా 83 గుర్రాలకి 205 దేనికి?

ఇంకో లెక్క కూడా చూసుకున్నాను. 165/80 ఆర్14 టైరు మొత్తం ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. 195/55 ఆర్16 ఎత్తు 620.9. తేడా మిల్లీమీటరున్నర కూడా లేదు. అందుకే స్పీడోమీటర్ తప్పు చూపదు, కారు కిందకి దిగదు, పాత 14 చక్రం స్టెప్నీగా పనికొస్తుంది. ఒకసారి తగరపువలస దగ్గర పంక్చరైతే దాంతోనే నెమ్మదిగా ఇంటికొచ్చాను. టైరు మీద రాసి ఉండే లోడ్ నంబర్ కూడా పాతదానికి తగ్గకూడదు. పాతది 85, అంటే టైరుకి 515 కిలోలు. కొత్తది 87, అంటే 545.

నాలుగు బోల్టులు ఉండే వలయం 100 మిల్లీమీటర్ల కొలత సరిపోయింది, ఆఫ్‌సెట్ (చక్రం లోపలికో బయటికో ఎంత జరిగి కూర్చుంటుందో చెప్పే కొలత) సరిపోయింది. అంతా చూసుకున్నాననుకున్నాను. చక్రం మధ్యలో ఉన్న కంత సైజు అడగాలని మాత్రం నాకు తెలియదు.

2022 డిసెంబరులో ఇంటిల్లిపాదీ అరకు వెళ్లాం. తిరుగు ప్రయాణంలో అనంతగిరి ఘాట్ దిగేటప్పుడు ముందొక లారీ. శృంగవరపుకోట చేరేదాకా బ్రేకు మీదే కాలు. కిందకొచ్చాక ముందు చక్రాల దగ్గర కాలిన వాసన వచ్చింది. పది నిమిషాలు ఆపాం, పోయింది. తర్వాతి వారం టైర్ల షాపులో ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించాను. వణుకు ఆ మర్నాటి నుంచే.

అదే షాపుకి వెళ్తే మళ్లీ బ్యాలెన్సింగ్ (చక్రం బరువు చుట్టూ సమంగా ఉందో లేదో మెషీన్ మీద చూసి సరిచేయడం) చేశారు. మెషీన్ మీద నాలుగూ సున్నా చూపించాయి. కారెక్కితే మళ్లీ అదే వణుకు. మద్దిలపాలెంలో ఇంకో షాపు, అక్కడా సున్నాయే. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ చేశారు, డబ్బు తీసుకున్నారు, తేడా లేదు. మూడో చోట డిస్కులు వంకరపోయాయి, రెండూ మార్చాలి, తొమ్మిది వేలవుతుందన్నారు. బ్రేకు వేసినప్పుడు వణకడం లేదు, మామూలుగా పోతుంటేనే వణుకుతోంది, అది డిస్కు ఎలా అవుతుందని అడిగితే జవాబు లేదు. ఇంట్లో అమ్మకి టెన్షన్, పాత చక్రాలే వేసేయరా నాన్నా అని.

ఆఫీసులో ఒకరు చెబితే గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన కారు నడిపి చూడలేదు. ముందు ఎడమ చక్రం విప్పి, మధ్య కంతలో రెండు వేళ్లు పెట్టి తిప్పి, హబ్బు (చక్రాన్ని తగిలించే ఇరుసు చివరి భాగం) వైపు చూసి, "ఏటి బాబూ, దీనికి రింగేదీ?" అన్నారు. ఏ రింగు అన్నాను. మిగతా మూడు చక్రాలూ విప్పి చూపించారు. మూడు హబ్బుల మీద నల్లటి ప్లాస్టిక్ రింగు ఉంది. ఎడమ ముందు దానికి లేదు. కుడి ముందుది వేడికి మెత్తబడి, పగుళ్లిచ్చి ఉంది. ఎడమది చక్రం మార్చినప్పుడు ముక్కలై రాలిపోయి ఉంటుంది, టైర్ల షాపు కుర్రాడు చెత్తనుకుని తుడిచేసి ఉంటాడు.

సంగతేమిటంటే, స్విఫ్ట్ హబ్బు 54.1 మిల్లీమీటర్లు. నా అలాయ్ అనేక రకాల కార్లకి సరిపోవాలని కంత 67.1 పెట్టారు. చుట్టూ ఆరున్నర మిల్లీమీటర్ల ఖాళీ. ఆ ఖాళీని నింపి చక్రాన్ని సరిగ్గా నడిమధ్యన కూర్చోబెట్టేది ఆ రింగు. అది లేకపోతే మధ్యన పెట్టే పని నట్ల మీద పడుతుంది. కారు కిందకి దించేసి ఎయిర్ గన్‌తో టకటకా బిగిస్తే చక్రం కొంచెం పక్కకి జరిగి అక్కడే బిగుసుకుపోతుంది. కంటికి కనబడనంత జరిగినా చాలు, 85 దగ్గర చేతికి తెలుస్తుంది. మరి మెషీన్ సున్నా ఎందుకు చూపింది? మెషీన్ చక్రాన్ని కంత దగ్గరే పట్టుకుని మధ్యన పెడుతుంది. దాని మీద చక్రం సరిగ్గానే ఉంది, కారు మీదే లేదు. మూడు షాపుల్లో ఒక్కరికీ ఇది తట్టలేదు.

పెద్దాయన రింగు లేకుండానే నాకు రుజువు చూపించారు. కారు జాకీ మీదే ఉంచి, చక్రాన్ని మోకాలితో అదిమి పట్టి, నట్లు చేత్తో ఒకదానికెదురు ఒకటి కొద్దికొద్దిగా బిగించారు. కూర్మన్నపాలెం దాకా వెళ్లొచ్చాను. వణుకు ముప్పావు వంతు పోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రింగులు కొనొద్దు, చేయించుకో అన్నారు ఆయనే. రెండు వీధుల అవతల లేత్ షాపు. అక్కడి టర్నర్ వెర్నియర్‌తో హబ్బు కొలిచి, చక్రం కొలిచి, అల్యూమినియం కడ్డీ బిగించి నాలుగు రింగులు తీశాడు. రెండు గంటలు పట్టింది, 1,600 రూపాయలు తీసుకున్నాడు. హబ్బు మొదట్లో చిన్న ఒంపు ఉంటుంది, రింగు దానికి తగిలి పైకి లేస్తుందని లోపలి అంచు ఏటవాలుగా కొట్టాడు. చెయ్యి తోస్తే వెళ్లాలి, సుత్తి పడకూడదు అంటూ ఒక్కొక్కటీ వేసి చూపించాడు. సముద్రం గాలికి అల్యూమినియం ఇనుముకి పట్టేస్తుందని పల్చగా గ్రీజు రాయమన్నాడు. ఇంటికొచ్చాక విరిగిన ప్లాస్టిక్ రింగు చూసి మా ఆవిడ, ఇది నా గాజు సైజేనంది. నిజమే, గాజుల కొట్టులో 2-2 అంటే లోపల దాదాపు 54 మిల్లీమీటర్లు.

ఆ సాయంత్రం అనకాపల్లి దాకా వెళ్లాను. 85, 90, 95. స్టీరింగ్ మీద రెండు వేళ్లు పెట్టి నడిపాను. ఇప్పటికి రెండున్నరేళ్లు దాటింది, మళ్లీ వణకలేదు.

కొన్న కొత్తలో ఈ చక్రాల గురించి మా అపార్ట్‌మెంట్‌లో అందరికీ ఊదరగొట్టాను. అందులో కొన్ని మాటలు ఇప్పుడు సవరించుకోవాలి. రంగు చెక్కుచెదరదని చెప్పాను. మేముండేది లాసన్స్ బే కాలనీ, సముద్రం ఉప్పుగాలి నేరుగా తగులుతుంది. బ్యాలెన్సింగ్ కోసం అంచుకి కొట్టిన సీసం ముక్కల దగ్గర పైపూత లేచి, కింద తెల్లటి బూజులా పట్టింది. ఇప్పుడు లోపలి వైపు అతికించే రకమే వేయించుకుంటున్నాను, వారానికోసారి మంచినీళ్లతో కడుగుతున్నాను. మెరిసేలా చెక్కిన డైమండ్ కట్ మోడల్ మాత్రం బీచ్ దగ్గర ఉండేవాళ్లు తీసుకోకండి. మా పక్కింటి వాళ్లవి రెండేళ్లకే పురుగు పాకినట్టు గీతలు పడ్డాయి.

మైలేజీ తేడా లేదన్నాను. ఉంది. లీటరుకి కిలోమీటరు దాకా తగ్గింది. కుదుపు కూడా 14తో పోలిస్తే ఎక్కువే. వెనక సీట్లో అమ్మ ఉంటే స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఇంకా నెమ్మదిగా పోతాను, ఆవిడకి నడుం నొప్పి ఉంది. ఇక కంపెనీ కొలత మారితే ఇన్సూరెన్స్ దగ్గర ప్రశ్నలు రావచ్చు. నేను పాలసీలో రాయించి ప్రీమియం కట్టాను.

అయినా తీసేయమంటే తీయను. ఉదయం ఆరింటికి బీచ్ రోడ్డు మీద భీమిలి వైపు వెళ్తుంటే, రుషికొండ దాటాక వచ్చే మలుపుల్లో కారు నా మనసులో మాట విన్నట్టు తిరుగుతుంది. నాకు కావాల్సింది అదే. కానీ నేను రోజూ ఎక్కువగా ఒక్కడినే నడుపుతాను, నా దారి మంచిది. రోజూ పోర్టు లారీలు తిరిగే గాజువాక రోడ్ల మీద వెళ్లేవాళ్లయితే, ఇంట్లో అయిదుగురూ ఎప్పుడూ కలిసే వెళ్లేవాళ్లయితే, పై మోడళ్లకి కంపెనీయే ఇచ్చే 185/65 ఆర్15 దగ్గర ఆగడం మంచిదేమో. బావమరిది 17తోనే ఉన్నాడు. రెండు టైర్ల గోడలు ఉబ్బి మార్చాడు, ఆ అందం కోసం ఆ ఖర్చు తనకి సమ్మతమే అంటాడు.

వచ్చే నెల టైర్లు మార్చాలి. షాపులో చక్రాలు విప్పగానే రింగులు నాలుగూ తీసి నా జేబులో వేసుకుంటాను. బిగించేటప్పుడు నేనే ఒక్కొక్కటీ హబ్బుకి తొడిగి, చేత్తో తిప్పి చూసి, అప్పుడు గన్ పట్టుకోమంటాను.