గుల్మార్గ్, ఔలి, నిసెకో: స్కీయింగ్‌కు వెళ్లేముందు మంచు లెక్కలు

ఫోనులో వాతావరణ యాప్ తెరిస్తే గుల్మార్గ్ పేరు పక్కన ఒక మంచు బొమ్మ, దాని కింద సెంటీమీటర్లలో ఒక అంకె కనిపిస్తాయి. అది చూసి టికెట్లు కొనేసేవారు చాలామంది. ఆ అంకె ఏ ఎత్తుకు వర్తిస్తుందో చాలా యాప్‌లు చెప్పవు. గుల్మార్గ్ ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గొండోలా (తీగల మీద నడిచే కేబుల్ కారు) రెండో దశ అఫర్వట్ కొండ మీద దాదాపు 3,950 మీటర్ల వరకు తీసుకెళుతుంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకున్నా, ఊరికీ పై స్టేషనుకూ ఎనిమిది డిగ్రీల పైచిలుకు తేడా వస్తుంది. కింద బురద మంచులో బూట్లు దిగబడే రోజునే పైన పిండిలాంటి మంచు దొరకవచ్చు.

అందుకే నేను మొదట చూసేది ఉష్ణోగ్రత సున్నాకు చేరే ఎత్తు. పర్వతాల కోసం ప్రత్యేకంగా అంచనాలిచ్చే సైట్లలో ఇది కనిపిస్తుంది. మంచు సాధారణంగా ఆ గీతకు ఇంకో రెండు మూడు వందల మీటర్ల దిగువ వరకు కరగకుండా పడుతుంది, ఆ కింద వానే. ఇది కళ్లారా చూడాలంటే గుల్మార్గ్‌కు దిగువనున్న టాంగ్‌మార్గ్ నుంచి పైకి వెళ్లే దారి చాలు. టాంగ్‌మార్గ్‌లో ట్యాక్సీ అద్దం మీద మామూలు వాన చినుకులు. కొన్ని మలుపులు ఎక్కాక అవి అద్దానికి అతుక్కుని నెమ్మదిగా జారే తడి తునకలయ్యాయి. డ్రైవరు దిగి చక్రాలకు గొలుసులు కట్టి మళ్లీ కూర్చునేసరికి వైపర్లు తుడుస్తున్నది పొడి మంచును. ఊరు చేరేసరికి అద్దం మీద ఏదీ నిలవడం లేదు, గాలికి ఎగిరిపోతోంది.

బస విషయంలో కూడా నా నిర్ణయం దీన్నిబట్టే. టాంగ్‌మార్గ్‌లో గదులు తేలిగ్గా దొరుకుతాయి, కానీ మంచు బాగా పడిన ఉదయం ఆ పదమూడు కిలోమీటర్ల దారి ఎప్పుడు తెరుచుకుంటుందా అని ఎదురుచూడాలి. స్కీయింగే ముఖ్యమైతే పైన గుల్మార్గ్‌లోనే దిగడం మేలు. అక్కడ గది తీసుకునేటప్పుడు కిటికీలోంచి ఏం కనిపిస్తుందని అడగకండి. కరెంటు పోతే వేడికి ఏం ఏర్పాటుందో, తడిసిన బూట్లు ఆరబెట్టే చోటుందో లేదో అడగండి. రాత్రంతా ఆరని బూటు పొద్దున్నే తొడుక్కుంటే ఆ రోజు స్కీయింగ్ మీద ఆశ వదులుకోవచ్చు.

కశ్మీర్ మంచుకు మూలం పశ్చిమ అలజడులు. మధ్యధరా ప్రాంతం వైపు నుంచి తూర్పుకు కదిలివచ్చే ఈ వ్యవస్థలు ఒకటి వెళ్లి మరొకటి వచ్చేలోపు వారాల తరబడి ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. 2024 జనవరిలో నెల చివరి వరకు గుల్మార్గ్ వాలులు చాలావరకు బోసిగానే ఉన్నాయి. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను మంచు లేక మార్చికి వాయిదా వేశారు. ఇలాంటి చోటికి నెలల ముందే తేదీలు ఖాయం చేసుకోవడం జూదమే. రద్దు చేసుకుంటే డబ్బు తిరిగిచ్చే గది కాస్త ఖరీదైనా నేను దాన్నే ఎంచుకుంటాను.

ఉత్తరాఖండ్‌లోని ఔలి కూడా ఈ అలజడుల మీదే ఆధారపడుతుంది. అక్కడి వాలులు సుమారు 2,500 నుంచి 3,050 మీటర్ల మధ్యనే ఉన్నాయి కాబట్టి సున్నా గీత కాస్త పైకి జరిగిందంటే మంచు కోసం ఎక్కడానికి ఇంకా పైన చోటుండదు. నేర్చుకునేవారికి వాలు చక్కనిది, ఎదురుగా నందాదేవి. జోషీమఠ్ నుంచి వెళ్లే రోప్‌వే 2023 జనవరిలో నేల కుంగుబాటు కారణంగా ఆగిపోయింది, కాబట్టి ప్రయాణం రోడ్డు మీదనే అనుకుని సమయం లెక్కవేసుకోండి.

జపాన్‌లోని నిసెకో దారి వేరు. కొండ శిఖరం 1,308 మీటర్లే. కానీ సైబీరియా చల్లగాలి జపాన్ సముద్రం మీదుగా తేమ పీల్చుకొచ్చి హొక్కైడో కొండల మీద దించేస్తుంది. జనవరిలో ఇది దాదాపు రోజువారీ వ్యవహారం. అందుకే అక్కడికి నెలల ముందు బుక్ చేయడానికి నాకు సంకోచం లేదు, ఎండ మాత్రం ఆశించను. మంచు కూడా తేలిక. అంచనాలో పది మిల్లీమీటర్ల నీరు అని ఉంటే మామూలు లెక్కన పది సెంటీమీటర్ల మంచు. గాలి బాగా చల్లగా ఉంటే అదే నీరు పదిహేను, ఇరవై సెంటీమీటర్లు కూడా అవుతుంది.

ఎన్ని రోజుల ముందు అంచనాను నమ్మవచ్చు? మూడు రోజుల్లోపుదైతే అంకెను లెక్కలోకి తీసుకుంటాను. వారం అవతలిదైతే ఏదో వ్యవస్థ వస్తోంది అన్నంతవరకే. వాతావరణాన్ని కంప్యూటర్‌తో లెక్కగట్టే యూరోపియన్, అమెరికన్ నమూనాలు రెండూ ఒకే మాట చెబితే ధైర్యం, ఒకటి నలభై సెంటీమీటర్లు, మరొకటి ఐదు అంటుంటే ఇంకో రెండు రోజులు ఆగడం ఉత్తమం.

రిసార్టులు స్వయంగా ప్రకటించే కొత్త మంచు లెక్కను నేను సగం నమ్ముతాను. వారాంతాల్లో ఈ లెక్కలు అనుమానాస్పదంగా పెరుగుతాయని డార్ట్‌మత్ కళాశాల ఆర్థికవేత్తలు ఇద్దరు ఎప్పుడో తేల్చారు. స్కీయర్లే అక్కడికక్కడ ఫోను నుంచి మంచు స్థితిని తెలిపే యాప్ వచ్చాక ఆ అతిశయోక్తి తగ్గిందట! కొలకర్ర ముందు కెమెరా పెట్టి చూపించే రిసార్టు అయితే ఇంత అనుమానం అక్కర్లేదు.

గాలిని చాలామంది పట్టించుకోరు. బలంగా వీస్తే అఫర్వట్ గొండోలా ఆగుతుంది. కొత్త మంచు భారీగా పడ్డాక కూడా, గస్తీ బృందం పేలుళ్లతో మంచు చరియలను ముందే పడగొట్టి సరేననేదాకా పై దశ తెరవరు. కాబట్టి కుండపోతగా మంచు పడే రోజు ఆట కుదిరే రోజు కాకపోవచ్చు, ఆ తర్వాత తెరిపిచ్చిన రోజు కోసం ప్రయాణంలో ఖాళీ ఉంచుకోవాలి. గాలి మంచును ఒక వైపు నుంచి ఊడ్చి శిఖరానికి అవతలి వాలు మీద పేరుస్తుంది, చరియలు జారేది ఎక్కువగా అలాంటి చోట్లే.

చరియల ప్రమాదాన్ని ఒకటి నుంచి ఐదు వరకు స్థాయిల్లో చెబుతారు. మూడు అంటే మధ్యస్థం కదా అనుకుంటారు, అది తక్కువేమీ కాదు. 2024 ఫిబ్రవరిలో గుల్మార్గ్‌లో గుర్తించిన వాలులు దాటి వెళ్లిన విదేశీ బృందం చరియల్లో చిక్కుకుని ఒక రష్యన్ స్కీయర్ మరణించాడు. గైడును కుదుర్చుకునేటప్పుడు ఈ రోజు స్థాయి ఎంత, ఏ దిక్కు వాలు మీద భయం ఎక్కువ అని అడగండి. తడుముకుంటే ఇంకొకరిని చూసుకోండి. అద్దెకు తీసుకున్న బీకన్‌ను (చరియ కింద పూడుకుపోతే ఎక్కడున్నారో సంకేతంతో తెలిపే పరికరం) కొండెక్కకముందే ఆన్ చేసి, బ్యాటరీ చూసి, పక్కవారి బీకన్‌కు అందుతోందో లేదో పరీక్షించాలి. నిసెకోలో రిసార్టు హద్దు దాటి వెళ్లే గేట్లు మూసి ఉంటే తాడు కింద నుంచి దూరి వెళ్లే ఆలోచనే వద్దు, లిఫ్టు పాసు లాగేసుకుంటారు.

మార్చిలో వెళ్తే అంచనాలో రాత్రి ఆకాశం ఎలా ఉంటుందో చూడండి. తేటగా ఉంటే మంచు గట్టిగా గడ్డకడుతుంది. పొద్దున్నే గరగరలాడే పెంకు, పది పదకొండు గంటలకు పైపొర మెత్తబడి హాయిగా జారే మంచు, మధ్యాహ్నానికి మోకాళ్లను పట్టి లాగే ముద్ద. తూర్పు వాలుతో మొదలుపెట్టి ఎండను బట్టి పడమటికి జరగండి. ఉత్తరం వాలు మీద పాత పొడి మంచు ఇంకా మిగిలి ఉండవచ్చు. రాత్రంతా మబ్బు కమ్మి గడ్డకట్టకపోతే తెల్లవారేసరికే అంతా ముద్ద, అలాంటి రోజు అద్దె స్కీలు తీసుకోకముందే నిర్ణయించుకోవడం మంచిది.