బాలాజీ కాలనీ దగ్గర ఫ్లెక్స్ షాపులో అరేబియా సముద్రం కొట్టించుకున్నాను

తిరుపతిలో ఫ్లెక్స్ షాపులకు కొదవ లేదు. బ్రహ్మోత్సవాలు, గంగ జాతర, ఓణీల ఫంక్షన్లు, నాయకుల పుట్టినరోజులు, ఏడాది పొడుగునా మిషన్లు తిరుగుతూనే ఉంటాయి. నేను రాస్తున్నది బాలాజీ కాలనీ నుంచి యూనివర్సిటీ వైపు పోయే దోవలో, జిరాక్స్ అంగళ్ల మధ్య ఉన్న ఒక షాపు గురించి. గొడవ కూడా రాస్తున్నాను కాబట్టి పేరు పెట్టడం లేదు. ఆ పక్క చదువుకున్నవాళ్లు ఎలాగూ పోల్చుకుంటారు.

నా అవసరం అందరిలాంటిది కాదు. నేను డిగ్రీ, పీజీ పిల్లలకు రక్షణ, వ్యూహ అధ్యయనాలు చెప్తాను. అందులో నా పరిశోధన నౌకాయుద్ధాల విశ్లేషణ మీద. అంటే ఏ ఓడ ఎంత దూరం నుంచి చూడగలిగింది, ఎన్ని క్షిపణులు వేసింది, ఎన్ని తగిలితే ఎదుటి ఓడ పనికిరాకుండా పోతుంది, ఈ లెక్కలు. యూనిఫాం ఎన్నడూ వేసుకోలేదు. మద్రాసు యూనివర్సిటీలో ఈ సబ్జెక్టుకు ఒక విభాగమే ఉంది, అక్కడ పట్టిన పిచ్చి ఇది. సముద్రం చూడాలంటే తూపిలిపాళెం దాకా పోవాల్సిన ఊళ్లో కూర్చుని ఇదేం పని అని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. ఎస్వీ యూనివర్సిటీలో ఆగ్నేయాసియా, పసిఫిక్ అధ్యయనాలకు ఒక కేంద్రం ఉందని ఎంతమందికి తెలుసు? కొండ కింద ఊరికి సముద్రంతో సంబంధం లేదని ఎవరన్నారో!

సరే, షాపు సంగతి. నాకు కావాల్సింది తరగతి గదిలో నేల మీద పరిచే మ్యాపు. ఉత్తర అక్షాంశం 25 డిగ్రీల నుంచి 20 దాకా, తూర్పు రేఖాంశం 66 నుంచి 70 దాకా. పైన కరాచీ, కింద కుడివైపు ఓఖా వస్తాయి. 1971 డిసెంబరు 4 రాత్రి భారత నౌకాదళం కరాచీ మీద చేసిన దాడి అయిన ఆపరేషన్ ట్రైడెంట్‌ను పిల్లల చేత నేల మీద ఆడించాలని నా ఉద్దేశం. నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు క్షిపణి పడవలు, తోడుగా కిల్తాన్, కచ్చల్ అనే యుద్ధనౌకలు, వెనక ఇంధనం కోసం పోషక్. కంప్యూటర్లో చూపించవచ్చు కదా అంటారు. చూపిస్తే పిల్లలు చూస్తారు, అంతే. మోకాళ్ల మీద కూర్చుని స్కేలు పెట్టి కొలిచినవాడికే ‘ఇంకా అందదు సార్’ అనే మాట నోటినుంచి వస్తుంది. ఇది నేను కనిపెట్టిన పద్ధతేమీ కాదు. 1942లో లివర్‌పూల్‌లో డెర్బీ హౌస్ పైఅంతస్తులో బ్రిటిష్ నౌకాదళ కెప్టెన్ గిల్బర్ట్ రాబర్ట్స్, రెన్స్ అనే నౌకాదళ మహిళా సిబ్బంది చేసింది ఇదే. నేల మీద గళ్లు గీసి, సుద్దముక్కతో ఓడల దారులు గీస్తూ, కాన్వాస్ తెర కంతల్లోంచి మాత్రమే చూడనిచ్చి, వేల మంది అధికారులకు జలాంతర్గాములను వేటాడడం నేర్పించారు. వాళ్లలో చాలామంది అమ్మాయిలకు ఇరవై ఏళ్లు అటూ ఇటూ, సముద్రం మీద పనిచేసిన అనుభవమూ లేదు. నన్ను ఎగతాళి చేసేవాళ్లకు ఈ ముక్క తప్పకుండా చెప్తాను.

కొలత చాలా ముఖ్యం అని ఫైలుతో పాటు కాగితం మీద కూడా రాసిచ్చాను. అంగుళానికి రెండున్నర నాటికల్ మైళ్లు (సముద్రం మీద కొలిచే మైలు, సుమారు 1.85 కిలోమీటర్లు). ఎత్తు పదడుగులు, వెడల్పు ఏడడుగుల ఐదంగుళాలు. ఆపరేటర్ కుర్రాడు చురుకైనవాడు, కోరల్‌డ్రాలో వేళ్లు పరుగెత్తుతాయి. ‘నేవీలో చేసినారా సార్?’ అని అడిగాడు. లేదప్పా, పాఠం చెప్తానంతే అన్నాను. కాస్త నిరాశపడ్డట్టే కనిపించాడు.

మరుసటి రోజు సాయంత్రానికి షీటు రెడీ. నీలం చాలా బాగా వచ్చింది, తీరం గీత సన్నగా, అక్షరాలు ఎక్కడా చెదరలేదు. స్టార్ ఫ్లెక్స్, చదరపు అడుగు పద్దెనిమిది రూపాయలు. బిల్లు చూస్తే 1,440. అంటే ఎనభై చదరపు అడుగులు. నా లెక్క ప్రకారం డెబ్బై అయిదు దాటకూడదు. ఎక్కడో అయిదడుగుల సముద్రం ఎక్కువొచ్చింది! షీటు పరిపించి టేపు పట్టుకుంటే వెడల్పు సరిగ్గా ఎనిమిది అడుగులు.

కుర్రాడు ఏమాత్రం తడుముకోకుండా చెప్పాడు: ‘బాక్సులు నిలువుగా సాగినట్టు ఉండాయి సార్. చూసేదానికి బాగలేదని స్క్వేర్ చేసేసినా.’

అదీ అసలు కథ. అక్షాంశం ఒక డిగ్రీ అంటే ఎక్కడైనా అరవై నాటికల్ మైళ్లు. రేఖాంశం ఒక డిగ్రీ భూమధ్యరేఖ దగ్గర అరవై, ఆ సముద్రంలో మాత్రం సుమారు యాభై అయిదే. అందుకే గళ్లు నిలువుగా ఉంటాయి, ఉండాలి. అతను వాటిని చతురస్రాలు చేయడంతో తూర్పు పడమరల దూరం ఎనిమిది శాతం పైగా సాగిపోయింది. ఇదేం పెద్ద తేడా అనుకునేవాళ్లకు: ఆ పడవల మీది పీ-15 క్షిపణి అందుకునే దూరం దాదాపు 40 కిలోమీటర్లు, నా స్కేలు మీద తొమ్మిది అంగుళాలకు కొంచెం తక్కువ. సాగిన మ్యాపు మీద అదే స్కేలు పెడితే, తూర్పు నుంచి వచ్చే పడవ ఒకటిన్నర మైలు అదనంగా దగ్గరికి పోతే గానీ పేల్చలేదు. దక్షిణం నుంచి వచ్చే పడవకు ఆ ఇబ్బంది ఉండదు. దిక్కును బట్టి ఆట మారిపోతుంది. పిల్లలు దాన్నే నిజమనుకుని నోట్సు రాసుకుంటారు.

కుర్రాడికి ఇదంతా వివరించాను. కోపం లేదు, నిజానికి క్లాసులో కూడా అంత శ్రద్ధగా ఎవరూ వినరు. చివర అతనే ‘గుమ్మడికాయ చారలు తొడిమ దగ్గర కలిసినట్టా సార్?’ అన్నాడు. అంతే అన్నాను. ఈ పోలిక ఇప్పుడు నేను క్లాసులో వాడుకుంటున్నాను.

డబ్బు దగ్గర మాత్రం పేచీ పడింది. కౌంటర్లో కూర్చునే అక్క (షాపు ఆమెదే) మెటీరియల్ పోయింది సార్ అంది. కొలత రాసిచ్చిన కాగితం వాళ్ల ఫైలులోనే ఉందక్కా అన్నాను. చివరికి మళ్లీ కొట్టినదానికి సగం, అంటే 675 తీసుకుంది. నా ఉద్దేశంలో ఆ సగం కూడా తీసుకోకూడదు. ఒక్క నక్షత్రం తగ్గించింది ఇందుకే. పాడైన షీటు ఏం చేశారో తెలియదు, ఎవరి మిద్దె మీదో వడియాల కింద ఉండుంటుంది.

రెండో షీటు నిక్కచ్చిగా వచ్చింది. ఓఖా నుంచి కరాచీకి దారం పట్టి కొలిస్తే సరళరేఖలో 180 మైళ్ల పైచిలుకు, సరిపోయింది. పిల్లలు ఆడినప్పుడు జరిగింది కూడా చెప్పాలి, వస్తువు పనికొచ్చిందో లేదో అక్కడే తేలుతుంది. ముందు బోర్డు మీద వేన్ హ్యూస్ అనే అమెరికా నౌకాదళ అధికారి సాల్వో సమీకరణం (ఒక్కసారిగా క్షిపణులు గుప్పిస్తే ఎన్ని ఓడలు పోతాయో చెప్పే లెక్క) వేశాను. కొట్టేవాళ్ల ఓడలను ఒక్కోటి వేసే గురి తప్పని క్షిపణులతో గుణించు, అందులోంచి ఎదుటివాళ్లు కూల్చగలిగినవి తీసెయ్యి, మిగిలినదాన్ని ఒక ఓడను పడగొట్టడానికి కావాల్సిన దెబ్బలతో భాగించు. మూడు పడవలు, తలా నాలుగు క్షిపణులు, మొత్తం పన్నెండు. ఎదుటివైపు కూల్చే సాధనం సున్నా. ఓడకు రెండు దెబ్బలు. ఆరు ఓడలు మునగాలి! మా పిల్లలు చప్పట్లు కొట్టారు. తర్వాత నేల మీదికి దిగారు. ఎక్కడున్నాయో కనిపిస్తే కదా ఆరు ఓడలు! ఆ రాత్రి అసలు పన్నెండూ పేల్చలేదు. నిర్ఘాత్ వేసిన రెండింటితో పాకిస్తాన్ యుద్ధనౌక ఖైబర్ మునిగింది, వీర్ వేసిన ఒక్కదానితో వాళ్లదే మరో ఓడ ముహాఫిజ్ పోయింది. ఖైబర్‌లోనివాళ్లు చివరిదాకా తమను కొట్టింది విమానమనే అనుకున్నారు. నాలుగేళ్ల ముందే, 1967 అక్టోబరులో, ఈజిప్టులోని పోర్ట్ సయీద్ దగ్గర ఐలాట్ అనే ఇజ్రాయెల్ యుద్ధనౌక ఇలాంటి క్షిపణులకే మునిగినా సరే. వెతకడం సమీకరణంలో ఉండదు, నేల మీద ఉంటుంది. పలమనేరు నుంచి వచ్చే ఒక అమ్మాయి పాకిస్తాన్ పక్షం ఆడుతూ ఖైబర్‌ను రేవులోనే కట్టేసి ఉంచుతానని పట్టుబట్టింది. ఆ వాదన గంట సాగింది.

ఇక మిగతా సరుకు. ఓడల బొమ్మలు సన్‌బోర్డు మీద అంటించి కోసిచ్చారు. అంచులు నున్నగా ఉన్నాయి, ధర కూడా తక్కువే. పడవల దారులు మార్కరుతో గీసి తుడవాలంటే మాత్రం ఫ్లెక్స్ పనికిరాదు, మరక పోదు. మ్యాట్ లామినేషన్ వినైల్ అడిగితే అక్క నిజం చెప్పింది: దాని మీద మార్కరు నీడ మిగిలిపోతుంది, గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు మెరుస్తుంది, పైగా జాయింటు వస్తుంది. డైనింగ్ టేబుళ్ల మీద వేసే పారదర్శక షీటు గాంధీ రోడ్డులో మీటర్ల లెక్కన కొని పైన పరుచుకోండి అంది. తన దగ్గర లేని సరుకుకు ఇంకో అంగడి చెప్పడం వ్యాపారస్తుల్లో తరచుగా చూడం. ఆ షీటు వేశాక సమస్యే లేదు. చుట్టి మూలన పెడితే అంచులు మడత పడతాయి, పైపు ఒకటి అడిగి తీసుకోండి, ఊరికే ఇస్తారు. స్పైరల్ బైండింగు మామూలే.

అయిదుకు నాలుగు. ముఖాలు, పూలదండలు, శుభాకాంక్షలు కొట్టించుకునేవాళ్లకు ఏ ఢోకా లేదు. ఇంటి ప్లాను, సైటు మ్యాపు, ల్యాబు చార్టు, ఏదైనా కొలిచేది ఇచ్చేవాళ్లు మాత్రం ఫైలులో మూలన ఒక అడుగు పొడవు గీత గీసి, ‘ఇది అడుగే ఉండాలి’ అని రాసివ్వండి. ప్రింటు చేశాక టేపు పట్టమనండి. నా తర్వాతి షీటు విశాఖ తీరానిది, పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన చోటు కోసం. అందులో ఆ గీత పెట్టాను, ఆపరేటరే కొలిచి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపాడు.

బ్రహ్మోత్సవాలకు ముందు రెండు వారాలు అటు పోవద్దు, మిషను దొరకదు. జీఎస్టీ బిల్లు కావాలంటే ఆర్డరు ఇచ్చేటప్పుడే చెప్పాలి, తర్వాత అడిగితే అక్కకు విసుగు.