అన్‌పేవాల్ వాడి చూశా, పేపర్లు చదివేవాళ్ళు వేసుకోండి

రీసెర్చ్ పేపర్ లింక్ నొక్కగానే ముప్పయ్యో నలభయ్యో డాలర్లు కట్టమనే పేజీ చూసి విసుగెత్తినవాళ్ళు అర్జెంటుగా ఈ అన్‌పేవాల్ అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి, క్రోమ్‌కీ ఫైర్‌ఫాక్స్‌కీ ఉంది, పైసా కట్టక్కర్లేదు. గవర్నమెంట్ యూనివర్సిటీల వాళ్ళకి 2025 జనవరి నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ (జర్నల్స్‌కి కేంద్రమే చందా కట్టే పథకం) వచ్చింది కాబట్టి కాస్త నయం, మాలాగా ప్రైవేట్ డిగ్రీ కాలేజీల్లో పాఠాలు చెప్పుకునేవాళ్ళ సంగతి ఎవడికి పట్టింది.

పేపర్ పేజీ తెరిస్తే పక్కన చిన్న తాళం బొమ్మ వస్తుంది. పచ్చగా, తెరిచి ఉంటే ఎక్కడో ఫ్రీ కాపీ దొరికినట్టు, బూడిద రంగులో ఉంటే దొరకనట్టు. పేపర్‌కుండే డీఓఐ నంబర్ (ఒక్కో పేపర్‌కి విడిగా ఇచ్చే గుర్తింపు నంబర్) పట్టుకుని వెతుకుతుందన్నమాట. సై-హబ్ సైట్‌లా దొంగ కాపీల జోలికి పోదు, నాకు బాగా నచ్చింది అదే. పబ్లిషర్లు కాపీరైట్ రాయించేసుకున్నా చాలామంది, రివ్యూ అయ్యాక రచయిత దగ్గరుండే ఆఖరి డ్రాఫ్ట్‌ని యూనివర్సిటీ సైట్‌లో పెట్టుకోనిస్తారు, కొందరు ఆర్నెల్లో ఏడాదో ఆగమంటారు. అవి ఎక్కడెక్కడో పడుంటాయి, మనకేం తెలుస్తుంది, ఇది వెతికి చేతిలో పెడుతుంది.

కాకపోతే వచ్చింది ఏ కాపీయో చూసుకోండి. ఒక్కోసారి డబుల్ స్పేసింగ్‌తో, మార్జిన్‌లో లైన్ నంబర్లతో, టేబుల్సన్నీ చివర్లో కుప్పేసిన డ్రాఫ్ట్ వస్తుంది, చదువుకోడానికి ఓకే గానీ దాని పేజీ నంబర్లు థీసిస్‌లో వేశారో, గైడ్ జర్నల్ తీసి చూస్తే అక్కడ ఏమీ ఉండదు! ఇంకోటి, ఫ్రీగా చదవనిచ్చారు కదా అని ప్రింట్లు తీసి అమ్ముకోకూడదు, గ్రూపుల్లో పీడీఎఫ్ పడేయకూడదు. సీసీ బై (పేరు చెప్పి వాడుకోమని ఇచ్చే క్రియేటివ్ కామన్స్ లైసెన్స్) అని ఉంటే రచయిత పేరు చెప్పి నిక్షేపంగా పంచుకోవచ్చు, ఏమీ రాసి లేకపోతే లింక్ పంపడమే మేలు.

పుస్తకాలకి మాత్రం పెద్దగా పనికిరాదు. తెలుగు సాహిత్యం మీద పని చేసేవాళ్ళకైతే ఇంకా తక్కువ, మన పరిశోధన ఎక్కువగా పుస్తకాల్లో, పాత పత్రికల్లో ఉంది, వాటికి డీఓఐ ఎక్కడిది? మీరు తిన్నగా శోధ్‌గంగ సైట్‌కే వెళ్ళండి, మన దేశంలోని యూనివర్సిటీల థీసిస్‌లు చాప్టర్ల వారీగా పీడీఎఫ్‌లు ఉంటాయి.

బూడిద తాళం పడితే నేనైతే రచయితకే మెయిల్ కొడతా, అడిగితే చాలామంది పంపేస్తారు. అన్నట్టు ఫోన్‌లో క్రోమ్‌కి ఎక్స్‌టెన్షన్లు ఎక్కవు, ల్యాప్‌టాప్ ఉంటేనే చూడండి.