నేలలో ప్లగ్ పాయింట్ పెట్టిస్తున్నారా? సిమెంటు పూసేలోపు ఒకసారి చూడండి

తిరుపతిలో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు, హాలు మధ్యలో నేలలోనే ప్లగ్ పాయింట్ కావాలనుకుంటున్నవాళ్లు ఇది చదివాకే డబ్బు కట్టండి. నేను 8,300 రూపాయలు కట్టి మా అమ్మకు షాక్ కొనిపెట్టాను.

మాది ఎం.ఆర్.పల్లి వైపు. కింద అద్దెకిచ్చి పైన మేముంటాం. ఇంటి నుంచే ఆఫీసు పని కాబట్టి హాలు మధ్యలో పెద్ద టేబుల్ వేశాను. గోడ నుంచి లాగిన వైరు అందరి కాళ్లకూ తగులుతోందని, ఇత్తడి మూత ఉన్న పాప్-అప్ బాక్సు నేలలో పెట్టిద్దామనుకున్నాను. ఊళ్లోనే ఒక ఎలక్ట్రికల్ కొట్టులో అడిగితే, ‘వాటర్‌ప్రూఫ్ సార్, పైన బిందెడు నీళ్లు పోసినా ఏం గాదు’ అని ఒకటి చూపించారు. బిగించడానికి వాళ్ల మనిషినే పంపిస్తామన్నారు. బాక్సు 3,800, పని 4,500. బిల్లు అడిగితే తెల్ల చీటీ మీద రాసిచ్చారు. అక్కడే నాకు అనుమానం రావాల్సింది.

వచ్చినతను టైల్స్ కోసి, గోడ దాకా గాడి కొట్టాడు. నేను మీటింగ్ ముగించుకుని లేచి వచ్చేసరికి సిమెంటు కూడా పూసేశాడు. మూత నొక్కితే టక్కున పైకి లేస్తుంది, చూడ్డానికి దర్జాగా ఉంది. ఇంటికొచ్చిన వాళ్లందరికీ నొక్కి చూపించాను కూడా.

పది రోజులు తిరిగేసరికి, అమ్మ తడిగుడ్డ పెట్టినప్పుడల్లా, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి, ఆర్‌సీసీబీ పడిపోవడం మొదలైంది. ఫోన్ చేస్తే అతనే వచ్చి, పావుగంటలో సరిచేసి, రెండు వందలు తీసుకుని వెళ్లాడు. ఆ తర్వాత ఒక్కసారి కూడా పడలేదు. బాగైపోయిందనుకున్నాం. వారం తర్వాత అమ్మ నేల తుడుస్తూ ఆ ఇత్తడి మూత మీద చెయ్యి వేసి, కేక పెట్టి వెనక్కి పడింది. మోచెయ్యి దాకా జిల్లుమందట. మోకాళ్ల నొప్పులని ఇంట్లో కూడా మెత్తటి రబ్బరు చెప్పులు వేసుకుంటుంది, అవే కాపాడాయి. టెస్టర్ పెడితే మూత మీదే వెలిగింది.

తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, మెయిన్ ఆపి, బాక్సు ఊడదీయించాను. అడుగున బూడిద రంగు నీళ్లు, చారెడు సిమెంటు పొడి. ఆకుపచ్చ ఎర్తు వైరును ఎక్కడా బిగించలేదు, కత్తిరించి మడిచి పక్కకు తోశాడు. గాడి తవ్వితే పైపు అనేదే లేదు. వైర్లను అందులో పడేసి మీద సిమెంటు పూశాడు. మధ్యలో ఒక జాయింటు, దాని చుట్టూ తడిసి వదులైన టేపు.

వీటన్నిటికంటే నన్ను భయపెట్టింది ఆర్‌సీసీబీ సంగతి. వెళ్లే కరెంటుకూ తిరిగొచ్చే కరెంటుకూ తేడా వస్తే, అంటే ఎటో లీకైతే అది పడిపోవాలి. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీయాంపులది. ఆ మహానుభావుడు లీకు ఎక్కడో వెతకకుండా, ఈ పాయింటును ఆర్‌సీసీబీ దాటించి నేరుగా కలిపేశాడు. బోర్డులోని మామూలు ట్రిప్ స్విచ్చి ఎంసీబీ ఓవర్‌లోడుకో, షార్ట్ సర్క్యూట్‌కో పడుతుంది గానీ ఇంత చిన్న లీకుకు పడదు. పైగా ఎర్తు లేదు. లోపలి నీళ్ల వల్ల బాక్సు మొత్తానికీ కరెంటు పాకింది. ట్రిప్ అవుతోందని పిలిస్తే ట్రిప్ కాకుండా చేసి పోయాడన్నమాట! మీ ఇంట్లో కూడా ఎవరైనా ‘సరిచేసి’ వెళ్తే, ఆర్‌సీసీబీ ఆపి ఆ పాయింటు కూడా ఆగుతోందో లేదో చూసుకోండి.

స్లాబు సంగతి ఇంకొకటి. మా ఇంట్లో టైలు, దాని కింది సిమెంటు బెడ్డు కలిపి రెండంగుళాలు. 25 ఎంఎం పైపు అందులోనే పడుకునేది. ఇతను మిషన్‌తో స్లాబులోకి దిగి, గోడ దగ్గర అడ్డమొచ్చిన రెండు రాడ్లు కోసేశాడు. గోడల దగ్గర స్లాబు పైభాగంలోనే రాడ్లు ఉంటాయి. ఇంజనీరు వచ్చి చూసి, ఇవి అడ్డ రాడ్లు కాబట్టి సరిపోయింది, మెయిన్ రాడ్లయితే కథ వేరుగా ఉండేదన్నాడు. వాటికి కొత్త రాడ్డు ముక్కలు కట్టి పూడ్చడానికి అయిన ఖర్చు ఇక్కడ రాయబుద్ధి కావడం లేదు.

ఇంకా స్లాబు వేయనివాళ్లు అదృష్టవంతులు. కాంక్రీటుకు ముందే పైపు, బాక్సు పెట్టించి, కాంక్రీటు లోపలికి పోకుండా వాటి నోళ్లలో గుడ్డలు కుక్కించండి. వైర్లు తర్వాత లాగొచ్చు. స్లాబు అయిపోయి ఉంటే టైల్స్‌కు ముందైనా చేయించండి. కొనేటప్పుడు అట్టపెట్టె మీద ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటను నమ్మకండి, దుమ్మును, నీళ్లను ఎంతవరకు ఆపుతుందో చెప్పే ఐపీ నంబరు వెతకండి. రెండో అంకె నీళ్లది: 4 అంటే చిందే నీళ్లకు, 7 అంటే కాసేపు మునిగినా ఆగుతుందని. నా పెట్టె మీద ఏ నంబరూ లేదు. నంబరు ఉన్నా, చాలా బాక్సులకు అది మూత మూసి ఉన్నప్పటి మాట. ప్లగ్ పెట్టి మూత లేపి ఉంచి నేల తుడవకూడదు. పని జరుగుతున్నప్పుడు పక్కనే ఉండి, సిమెంటు పూసేలోపు పైపు, ఎర్తు ఫొటోలు తీసుకోండి.

కొట్టుకు వెళ్లి అడిగితే, బిగించిన వస్తువు వెనక్కి తీసుకునేది లేదన్నారు. ఆ మనిషితో మాకు సంబంధం లేదన్నారు. పంపింది వాళ్లే! వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. దానికి రెండేళ్ల గడువు ఉంది. విషయం నడుస్తోంది కాబట్టి కొట్టు పేరు రాయడం లేదు. తెల్ల చీటీ, డబ్బు పంపిన స్క్రీన్‌షాట్లు, ఆ కోసిన రాడ్డు ముక్క ఒక కవర్లో పెట్టి దాచాను. అమ్మ ఇప్పటికీ ఆ టైలు తొక్కకుండా చుట్టూ తిరిగి వంటింట్లోకి వెళ్తోంది.