వెస్టెరోస్‌కి మళ్లీ ఏ దారిన వెళ్లాలి?

వెస్టెరోస్ అనే కల్పిత రాజ్యాల కథ చెప్పే జార్జ్ మార్టిన్ నవలల సిరీస్ (‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ టీవీ సిరీస్‌కు మూలం ఇదే) లో అయిదో భాగం 2011లో వచ్చింది. ఆరోది ఇంకా రాలేదు. కాలేజీ రోజుల్లో ఆ లావు పుస్తకాలను నిద్ర మానుకుని చదివి, ఇప్పుడు బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్లు పదేపదే అడిగేది ఒకటే. ఈలోపు మళ్లీ ఆ లోకంలో అడుగు పెట్టాలంటే ‘ఫైర్ అండ్ బ్లడ్’ మేలా, ‘ఎ నైట్ ఆఫ్ ద సెవెన్ కింగ్‌డమ్స్’ మేలా? అయిదు భాగాలూ మొదటి నుంచి చదవమని నేను చెప్పను. అంత తీరికే ఉంటే ఈ ప్రశ్న రాదు కదా.

నా లెక్కలో తేల్చాల్సింది ఒక్కటే: పాత కథ సగం మర్చిపోయిన వాళ్లను ఏ పుస్తకం చేరదీస్తుంది?

‘ఫైర్ అండ్ బ్లడ్’ (2018) వెస్టెరోస్‌ను ఏలిన టార్గేరియన్ల వంశచరిత్ర. ఆస్థాన విదూషకుడు మష్రూమ్ ఒకటి చెబుతాడు, సెప్టన్ (పూజారి) యూస్టేస్ ఇంకోటి చెబుతాడు, చరిత్ర రాస్తున్న పండితుడు ఆర్చ్‌మేస్టర్ గిల్డేన్ ఇద్దర్నీ పూర్తిగా నమ్మడు. ఆ తగువు భలే ఉంటుంది. దీని ఆధారంగా తీసిన టీవీ సిరీస్ ‘హౌస్ ఆఫ్ ద డ్రాగన్’ చూసి, అసలేం జరిగిందో తవ్వుకోవాలనుకునే వాళ్లకు ఇదే సరైనది. కానీ రేనిస్, రేనా, రేనైరా, ఏగాన్ తర్వాత మళ్లీ ఏగాన్! మెట్రో పర్పుల్ లైన్‌లో నిలబడి చదువుతుంటే, మెజెస్టిక్‌లో జనం తోసుకుంటూ ఎక్కాక వంశవృక్షం పేజీకి తిప్పడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

‘ఎ నైట్ ఆఫ్ ద సెవెన్ కింగ్‌డమ్స్’ (2015) అలా కాదు; దీన్ని ‘నైట్’ అనే పిలుస్తాను. అసలు కథకు సుమారు 90 ఏళ్ల ముందు జరిగిన మూడు పెద్ద కథలివి. నలోపాఖ్యానం వినడానికి భారతమంతా గుర్తుండక్కర్లేదు, ఇదీ అంతే. డంక్ అనే పొడగరి పేద నైట్ (గుర్రపు యోధుడు), వాడి వెంట ఎగ్ అనే గుండు కుర్రాడు. పోటీలో దిగడానికి కవచం కావాలి, డబ్బు లేదు, అందుకని డంక్ తన గుర్రం స్వీట్‌ఫుట్‌ను అమ్మేస్తాడు. వచ్చిన డబ్బులోంచి ఒక వెండి నాణెం మళ్లీ సాయీసు చేతిలోనే పెట్టి, ఈ రాత్రికి దానికి ఓట్స్ పెట్టు, ఒక ఆపిల్ కూడా పెట్టు అంటాడు. డ్రాగన్లు లేవు, సింహాసనం గొడవ ఎక్కడో దూరంగా ఉంది. అయినా నాకు వెస్టెరోస్ అంటే ఏమిటో అక్కడ గుర్తొచ్చింది.

పాతది గుర్తున్న వాళ్లకూ లోటు లేదు. అసలు కథలో ఉత్తరపు సరిహద్దు గోడ దగ్గరుండే ముసలి పండితుడు మేస్టర్ ఏమన్ చివరి ఘడియల్లో ‘ఎగ్’ అని ఎవరిని పిలిచాడో ఈ కుర్రాణ్ని చూస్తే అర్థమవుతుంది. ఆ ఒక్క ముడి దొరికితే మిగతావి వాటంతటవే గుర్తుకొస్తాయి.

ఈ పుస్తకంలోనూ డంక్, ఎగ్‌ల ప్రయాణం మధ్యలోనే ఆగుతుంది, నిజమే. కాకపోతే ఏ కథకా కథ పూర్తవుతుంది కాబట్టి మళ్లీ ఏళ్లకేళ్లు ఎదురుచూడాలన్న టెన్షన్ ఉండదు.

‘ద వరల్డ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్’ (2014) సంగతీ కొందరు అడిగారు. అది ఆ లోకపు చరిత్ర చెప్పే పుస్తకం; బొమ్మలు బాగుంటాయి, టేబుల్ మీద పెట్టుకుని అప్పుడప్పుడు తిరగేయొచ్చు. బెంగళూరు చర్చ్ స్ట్రీట్‌లో పాత పుస్తకాలు వెతికేటప్పుడు మాత్రం ముందు ‘నైట్’ కోసమే చూడండి. గ్యారీ జియానీ బొమ్మలు అందులోనూ ఉన్నాయి, వాటిని ఫోన్‌లో కన్నా కాగితం మీద చూస్తేనే అందం.