పాత డీజిల్ పికప్‌కు లోకల్ రేకు ట్యాంకు: కొనొచ్చు, తెచ్చింది తెచ్చినట్టు మాత్రం బిగించొద్దు

తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా స్పేర్ పార్టుల షాపుకెళ్లి పాత డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ఇంజను పికప్‌కు డీజిల్ ట్యాంకు కావాలంటే రెండు రకాలు చెప్తారు. ఒకటి కంపెనీది, చాలాసార్లు ఆర్డరు పెట్టి కాచుకోవాలి. రెండోది రేకు మడిచి, వెల్డింగ్ చేసి, పైన నల్ల పెయింటు కొట్టిన లోకల్ ట్యాంకు. ధర బాగా తక్కువ, చేతికి వెంటనే వస్తుంది. ఈ రివ్యూ ఆ లోకల్ ట్యాంకు గురించే. బండి ఇంకో నాలుగైదేళ్లు తిరగాలంటే ఇది సరిపోతుంది. కాకపోతే షాపులో పది నిమిషాలు పరీక్షగా చూసి కొనాలి, బిగించే ముందు లోపల కడగాలి. ఆ రెండూ వదిలేస్తే కొత్త ట్యాంకు పెట్టి కూడా పాత బాధే పడతారు.

ముందుగా, మార్చాల్సింది నిజంగా ట్యాంకేనా? లోపల తుప్పు పట్టిన బండి చదును రోడ్డు మీద బాగానే పోతుంది. లోడుతో మొగిలి ఘాట్‌లోనో భాకరాపేట ఘాట్‌లోనో ఎక్కేటప్పుడు బండి లాగే బలం చచ్చిపోతుంది. పక్కన ఆపి పది నిమిషాలు ఉంచితే మళ్లీ ఏమీ కానట్టు లాగుతుంది. ఎక్కేటప్పుడు ఇంజను డీజిల్ ఎక్కువ అడుగుతుంది, ఆ లాగుడుకు తుప్పు పొక్కులు పీల్చే పైపు జాలీకి అతుక్కుంటాయి. ఇంజను ఆపితే రాలిపోతాయి. చాలామంది దీన్ని పంపు దోషం అనుకుని పంపు విప్పించి డబ్బు పోగొట్టుకుంటారు. పంపు జోలికి పోకముందు ట్యాంకు అడుగున ఉండే డ్రెయిన్ ప్లగ్ వదులు చేసి లీటరు డీజిల్, లోపలిది కనిపించే ఖాళీ నీళ్ల సీసాలోకి పట్టండి. అరగంట కదపకండి. అడుగున నీళ్ల బొట్టు గుండ్రంగా నిలిచి, దానితో పాటు కాఫీపొడి లాంటి గోధుమరంగు మడ్డి, ఆపైన డీజిల్ కనిపిస్తే తప్పు ట్యాంకుదే.

మన జిల్లాల బండ్లకు ఈ జబ్బు తిరిగినందుకు రాదు, నిలబడినందుకు వస్తుంది. మామిడి సీజనులో తోతాపురి లోడ్లతో గుజ్జు ఫ్యాక్టరీల ముందు క్యూ కట్టిన పికప్, సీజను అయ్యాక పావు ట్యాంకు డీజిల్‌తో నెలల తరబడి షెడ్డులో ఉంటుంది. మిగతా ముప్పావు భాగం గాలే. రాత్రి చల్లబడగానే ఆ గాలిలోని తేమ రేకు లోపలి గోడకు చెమటలా పట్టి కిందికి జారుతుంది. నీళ్లు డీజిల్ కంటే బరువు, అడుక్కి చేరి అక్కడే ఉండిపోతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఇది ఇంకా ఎక్కువ. అందుకే బండి నిలపాల్సి వస్తే ట్యాంకు నిండుగా పోసి నిలపాలి. ఖర్చే, కానీ ట్యాంకు కంటే తక్కువ.

ఇక ట్యాంకు సంగతి. మొదట తూకం వేయించండి. రేకు మందం షాపువాడు ఎంతైనా చెప్తాడు, కాటా అబద్ధం చెప్పదు. 70 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు ఉన్న ట్యాంకు 56 లీటర్లు పడుతుంది. దాని రేకు మొత్తం సరిగ్గా ఒక చదరపు మీటరు. 1.2 మిల్లీమీటర్ల రేకైతే తొమ్మిదిన్నర కిలోలకు దగ్గరగా తూగుతుంది, 0.8 అయితే ఆరుంబావే. లోపలి అడ్డు ప్లేట్లు, మూతి దీనికి అదనం. మీ కొలతలకు ఇదే లెక్క వేసుకోండి. 1.2 కంటే పలచనిది వద్దు, గుంతల రోడ్లకు స్ట్రాప్ (ట్యాంకును ఛాసిస్‌కు పట్టి ఉంచే ఇనుప పట్టీ) పట్టిన చోటే చీలుతుంది.

తర్వాత సెల్‌ఫోన్ లైటు మూతి లోంచి వేసి చూడండి. లోపల అడ్డు ప్లేట్లు ఉండాలి. తక్కువ ధర ట్యాంకుల్లో మిగుల్చుకునేది ఇక్కడే. అవి లేకపోతే ఘాట్ మలుపుల్లో డీజిల్ అంతా ఒక పక్కకు కొట్టుకుపోయి, పీల్చే పైపు గాలి పీలుస్తుంది. లోపల పెయింటు గానీ, జింక్ పూసిన మెరుపు గానీ కనిపిస్తే తీసుకోవద్దు. పెయింటు పొరలుగా ఊడుతుంది. జింక్ డీజిల్‌తో కలిసి సబ్బు లాంటి జిగురై ఫిల్టర్ మూసేస్తుంది. లోపల ఉత్త రేకు, దాని మీద పలచగా నూనె ఉంటే మంచిది.

మేం చూసిన లోకల్ ట్యాంకుల్లో ఎక్కువగా తేడా వచ్చేది పీల్చే పైపు పొడవులో. పైపు కొస అడుగుకు ఒక వేలు మందం పైన ఉండాలి. అడుక్కి ఆనితే మడ్డి లాగుతుంది. మరీ పొట్టిదైతే, పైన చెప్పిన కొలతల ట్యాంకులో ఒక్కో సెంటీమీటరుకు 2.8 లీటర్లు వాడుకోలేని డీజిల్ మిగులుతుంది. నాలుగు సెంటీమీటర్లు పైకుంటే పదకొండు లీటర్లు ఊరికే మోయాలి, పైగా గేజు డీజిల్ ఉందని చూపిస్తుండగానే బండి ఆగుతుంది. పాత ట్యాంకు పైపు పక్కన పెట్టి కొలుచుకుని కొనండి.

బిగించే ముందు కడగడం తప్పనిసరి. ఐదు లీటర్ల డీజిల్ పోసి, ఇద్దరు చెరో పక్క పట్టుకుని బాగా ఊపి, తెల్ల నూలు గుడ్డ లోంచి వంచండి. మొదటిసారి గుడ్డ మీద ఆవగింజ కంటే చిన్న మెరిసే గుండ్లు, నల్లటి ఇసుక లాంటిది కనిపిస్తుంది. అవి వెల్డింగ్ రవ్వలు, గ్రైండింగ్ పొడి. గుడ్డ శుభ్రంగా వచ్చేదాకా, కనీసం మూడుసార్లు చేయాలి. నీళ్లతో మాత్రం కడగొద్దు.

పాతది దించడానికి ముందురోజు సాయంత్రమే స్ట్రాప్ నట్లకు తుప్పు వదిలే ఆయిల్ కొట్టండి. బిగుసుకుందని గ్యాస్ మంట పెట్టనివ్వకండి. డీజిల్ పూర్తిగా తీసేయండి, 50 లీటర్లుంటే 42 కిలోల దాకా బరువు. బ్యాటరీ నెగటివ్ విప్పి, ఇంజనుకు డీజిల్ పోయే ఫీడ్ పైపుకు, మిగిలింది తిరిగొచ్చే రిటర్న్ పైపుకు వేర్వేరు రంగు టేపు చుట్టి, జాకీ మీద చెక్క పెట్టి ట్యాంకు ఆనించాకే స్ట్రాపులు వదలండి. ఛాసిస్ వెంట వచ్చే ఇనుప పైపును ఇంజను వైపు నుంచి ట్యాంకు వైపుకు గాలితో ఊదాలి, తుప్పు తింటే మార్చాలి. ఇది వదిలేస్తే ఆ చెత్తంతా కొత్త ఫిల్టర్‌లోకే చేరుతుంది.

ట్యాంకులో డీజిల్ మట్టం కొలిచే గేజు యూనిట్ పాతదే వాడొచ్చు, కింద ప్యాకింగ్ మాత్రం కొత్తది, డీజిల్‌కు తట్టుకునే నైట్రైల్ రబ్బరుది. సైకిల్ ట్యూబు కత్తిరించి వేస్తే డీజిల్‌కు ఉబ్బి కారుతుంది. బిగించాక గేజు ముల్లు కదలకపోతే కంగారు పడి కొత్త యూనిట్ కొనకండి. చాలా పాత బండ్లలో గేజు ఎర్తు ట్యాంకు రేకు ద్వారానే వస్తుంది, కొత్త పెయింటు దాన్ని అడ్డుకుంటుంది. స్క్రూ కింద పెయింటు గీకి, ఛాసిస్‌కు ఒక వైరు వేస్తే సరి. స్ట్రాపుల కింద రబ్బరు పట్టీలే వేయండి, గోనెపట్టా వద్దు. అది తడి పట్టి ఉంచి, బయటి నుంచి సరిగ్గా స్ట్రాప్ గీత మీదే రేకును తింటుంది.

రెండు డీజిల్ ఫిల్టర్లూ, బాంజో బోల్టుల (పైపు కొసలు బిగించే, మధ్యలో రంధ్రమున్న బోల్టులు) రాగి వాషర్లూ కొత్తవి వేసి, ఫిల్టర్ మీది ఎయిర్ స్క్రూ వదులు చేసి, హ్యాండ్ పంపు కొడుతూ బుడగలు ఆగేదాకా ఎయిర్ తీయండి. కామన్ రైల్ ఇంజనైతే (డీజిల్‌ను చాలా ఎక్కువ ఒత్తిడితో పంపే రకం) హై ప్రెషర్ పైపులు ఎవరినీ ముట్టుకోనివ్వకండి. వారం తిరిగాక ఫిల్టర్ అడుగు ప్లగ్ విప్పి ఒకసారి చూడండి. లాంగ్ డ్రైవ్ మధ్యలో బండి నీరసిస్తే ట్యాంకు మూత తిప్పండి. 'సుయ్' మని గాలి లోపలికి లాగితే మూతకు గాలి రంధ్రం మూసుకుపోయినట్టు. లోకల్ మూతల్లో ఇది మామూలే, పాత మూత బాగుంటే దాన్నే వాడండి.

కొత్తది ఎందుకు, పాతదానికి అతుకు వేయిద్దామంటారా? లోపలి నుంచి తిన్న రేకు ఒక చోట మూస్తే పక్కన కారుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. మన దేశంలో అమ్మే డీజిల్ ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకోగల వేడి) కనీస పరిమితి 35 డిగ్రీలే. తిరుపతి మే నెల ఎండ దాన్ని దాటుతుంది. లోపల అడుగున మిగిలిన రెండు చెంచాల డీజిల్ ఆవిరి చాలు, వెల్డింగ్ మంట తగిలితే ట్యాంకు పేలుతుంది. దారిలో కారితే బట్టల సబ్బు నూరి పెట్టి ఊరు చేరండి, అంతవరకే.

దించిన పాత ట్యాంకును పాత ఇనుము కొట్టుకు వేసేటప్పుడు డ్రెయిన్ ప్లగ్, మూత రెండూ తీసేసి ఇవ్వండి. అది డీజిల్ ట్యాంకు అనీ, గ్యాస్ కట్టర్ పెట్టొద్దనీ అక్కడ కోసే మనిషికే నేరుగా చెప్పండి.